కోతగాడి మీద రాయి

"ఈ గులకరాయా? పావురాల్ని తోలడానికొచ్చావా ముసలమ్మా?"

లేఖకుడు పెంతూకు ఒళ్లు మండుకొచ్చింది. శుద్ధి పందిట్లో బల్ల మీద ఖాయి శవం ఉంది. నైలు వైపు నుంచి గాలి లేదు. ఈ ఎండకు శవం ఎంతసేపని ఆగుతుంది? కోత పడాలి, పేగులు తీయాలి, చవిటి ఉప్పులో పూడ్చాలి. నారగుడ్డ చుట్టడం ఆ తర్వాతి మాట. ఎడమ డొక్క మీద, ఎక్కడ కోయాలో చూపే సిరాగీత తను ఎప్పుడో గీసేశాడు. కోతగాడు సెన్బి మాత్రం చెకుముకి రాతికత్తి పట్టుకుని నిలబడే ఉన్నాడు.

"ఆమె విసురుతానంటేనే కోస్తానండీ," అన్నాడు మళ్లీ.

ఈ పందిరికి పెంతూ కొత్త. ఊరంతా మొండిఘటాలే అనిపించింది.

శవానికి గాయం చేసినవాణ్ణి అయినవాళ్లు తిట్టి, రాళ్లతో తరమాలి. లేకపోతే ఆ గాయపు మైల చనిపోయినవాణ్ణే పట్టుకుంటుంది. చనిపోయినవాళ్ల లోకానికి దారైన పడమటి గుమ్మం అతనికి తెరుచుకోదు.

"నువ్వతనికేమవుతావు?"

"పెళ్లాన్ని."

"పిల్లల్లేరా? చెయ్యి సాగేవాళ్లని పంపాల్సింది."

"ఒక్కడేనయ్యా. పనిలో ఉన్నాడు."

"తండ్రి పోయినా పనేనా! బాగుంది వరస."

ముసలామె తల దించుకుంది.

"మొగుడికి గుమ్మం తెరుచుకోవాలా, వద్దా?"

"తెరుచుకోవాలయ్యా."

"మరి విసరవేం? కోతగాడే కదా. వాళ్ల బతుకే దెబ్బలు తినడం."

ఆమె పెంతూ వంక అదోలా చూసింది. సెన్బి కల్పించుకున్నాడు.

"పెద్దది తీసుకో. తలకు తగిలినా పర్లేదు."

ఆమె వంగి గుప్పిటకు నిండే రాయి తీసుకుంది.

సెన్బి గీత వెంట ఒక్క కోత కోసి, కత్తి వదిలేసి పరుగెత్తాడు. పందిరి దాటాడు. రాయి రాలేదు. ఆగి వెనక్కి తిరిగాడు.

"విసురూ!"

"కొట్టవే తల్లీ, నీ మొగుడు ఇక్కడే ఆగిపోతాడు!" పెంతూ గొంతు చించుకున్నాడు.

"పాపిష్టోడా!" అంటూ ఆమె విసిరింది.

నుదురు చిట్లింది. పెంతూ హమ్మయ్య అనుకుని పేగుల కుండ దగ్గరికి జరుపుకున్నాడు. సెన్బి నెత్తురు తుడుచుకోలేదు. ఇసుకలో కూలబడి, ముసలామె వైపే చూశాడు.

"నాన్నకు గుమ్మం తెరుచుకుందా అమ్మా?"