సోఫాలో జిగురాయన

రోజూ తన ఆఫీసుకి వచ్చి కూర్చునే ఆ ముసలాయన్ని చూస్తేనే ట్రావెల్స్ ఓనరుకి అసహ్యం.

ముచ్చటపడి కొన్న కొత్త సోఫా. దాని మీద కాళ్ళు రెండూ పైకి మడిచి కూర్చునేవాడు. అగ్గిపుల్లతో పళ్ళు కుట్టుకునేవాడు. వేలు నాలుక మీద తడుపుకుని, నిగనిగలాడే టూర్ల పుస్తకాల్లో పేజీలు తిప్పేవాడు. తల ఆనించిన చోట గోడకి ఇంత నూనె మరక. ఏసీ గది కదా, ఆయన ఒక్కసారి దగ్గితే ఆ దగ్గు అక్కడక్కడే తిరిగేది.

ఓనరు మనసులో ఆయనకి పెట్టుకున్న పేరు జిగురాయన.

మరి ఎందుకు ఊరుకున్నాడూ అంటే, భయం. వచ్చిన కస్టమర్లంతా ఆయన్ని పలకరించేవారు. ఒకరు బాబాయ్ అంటే, ఒకరు తాతగారూ అనేవారు. ఎవరి చుట్టమో అంతు చిక్కేది కాదు. కసిరితే ఎవరి బేరం చెడుతుందో అని ఓనరు పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాడు.

అసలే రోజులు బాగోలేవు. టికెట్లన్నీ జనం ఫోన్లోనే కొనేసుకుంటున్నారు. ఈ సీజను కూడా తన్నేస్తే షాపు మూసి, బావమరిది సెల్‌ఫోన్ల కొట్లో పనికి చేరాలి. ఆ బావమరిది ముందు చేతులు కట్టుకుని నిలబడటం తలుచుకుంటే అన్నం సహించేది కాదు.

జనం అభిరుచులు మారాయన్నారు కాబట్టి తానూ మారాడు. గోడ నిండా టీవీ బిగించాడు. కొండ మీంచి తాడు కట్టుకుని దూకడాలు, మంచు మీద జారడాలు, అడవిలో గుడారాలు.

"ఇప్పుడు అందరికీ థ్రిల్ కావాలండీ" అంటూ, వచ్చినవాళ్ళు కూర్చోకముందే రిమోట్ నొక్కేవాడు.

జిగురాయన మాత్రం వాళ్ళని పిచ్చి ప్రశ్నలు అడిగేవాడు.

"మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయమ్మా?"

"మీ ఆయనకి కొత్త చోట నిద్ర పడుతుందా?"

"పిల్లాడికి నీళ్ళంటే భయం పోయిందా?"

వీడి బొంద, వీడికెందుకు ఇవన్నీ అనుకునేవాడు ఓనరు.

ఒకరోజు ఓ జంట వచ్చింది. భార్య కళ్ళ కింద నల్లటి చారలు. ఓనరు టీవీలో కొండలూ తాళ్ళూ పడవలూ అన్నీ తిప్పి చూపించాడు. భర్త కార్డు కోసం జేబులో చెయ్యి పెట్టాడు.

"ఖాయం చేసేద్దామా సార్?"

అంతలో సోఫాలోంచి గొంతు వినిపించింది.

"అమ్మాయ్, కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్ళయింది?"

ఆమె జవాబు చెప్పబోయి ఏడ్చేసింది.

"కవలలు పుట్టాక నిద్రెక్కడిది తాతగారూ?"

"మరి నీకు తాళ్ళు పట్టుకుని వేలాడటం ఎందుకమ్మా? ఏమీ చూడక్కర్లేని చోటికి వెళ్ళు. ఏటి పక్కన చిన్న ఇల్లు, వండి పెట్టడానికో మనిషి, పిల్లల్ని ఆడించడానికో మనిషి. నువ్వు తలుపేసుకుని పడుకో. ఈ బాబే చూసి పెడతాడు."

చెబుతూనే, మూతి తుడుచుకున్న రుమాలు పట్టుకున్న చేత్తోనే ఆమె తల నిమిరాడు. ఓనరుకి వాంతి వచ్చినంత పనయింది.

భర్త జేబులోంచి ఖాళీ చెయ్యి బయటికి తీశాడు.

"ఆలోచించుకుని వస్తామండీ."

ఓనరు గుమ్మం దాకా వెంటబడి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఏమీ అనుకోకండి. ఆయన మీకేమవుతారు?"

"చుట్టమేం కాదండీ" అన్నాడు భర్త, మెట్లు దిగుతూ.

ఓనరుకి ఆ మాట చాలు. గిరుక్కున వెనక్కి తిరిగాడు.

"లేవయ్యా!"

"ఏమైంది బాబూ?"

"ఏమైందా? ఇది ఆఫీసా, నీ పడకటిల్లా? నీ దగ్గూ, నీ రుమాలూ, ఆ కాళ్ళూ! చూస్తుంటే డోకొస్తోంది. ఎవరికీ ఏమీ కానివాడివి, నా పొట్ట కొట్టడానికి దాపురించావు. లే!"

ముసలాయన మెల్లగా కాళ్ళు దించాడు. సోఫా కింద చెప్పుల కోసం వెతుక్కున్నాడు.

"ఆ అమ్మాయికి ఇల్లు మాత్రం చూసి పెట్టు బాబూ."

"బయటికి!"

రెక్క పట్టి గెంటేవాడే. ముట్టుకోవడానికి అసహ్యమేసి తలుపు చూపించాడు.

ఆ పూటే సోఫా ఫినాయిల్‌తో కడిగించాడు. గోడకి రంగు వేయించాడు. ఆఫీసు తళతళలాడింది, ఓనరుకి ప్రాణం లేచొచ్చింది.

ఆ తర్వాత వచ్చినవాళ్ళు తలుపు తీసి, సోఫా వైపు చూసి, "మళ్ళీ వస్తాం" అని వెళ్ళిపోవడం మొదలుపెట్టారు. ఫినాయిల్ వాసన పడలేదు కాబోలు అనుకుని ఓనరు అగరొత్తులు వెలిగించాడు. కొన్నాళ్ళకి తలుపు తీసేవాళ్ళు కూడా లేకపోయారు.

సీజను ముగిసింది. బావమరిది వచ్చి, తన కొట్లోకి పనికొస్తుందని గోడ మీది టీవీ విప్పిస్తున్నాడు.

"బావగారూ, రేపు పొద్దున్నే వచ్చేయండి. తాళాలు మీరే తీద్దురుగాని" అన్నాడు, నవ్వు ఆపుకుంటూ.

సరిగ్గా అప్పుడే ఆ కవలల తల్లి లోపలికి వచ్చింది.

"ఇన్నాళ్ళకి మా ఆయనకి సెలవు దొరికిందండీ. ఏటి పక్క ఇల్లు ఖాయం చేయండి. మా అక్కావాళ్ళూ వస్తారట. అన్నట్టు, తాతగారేరీ?"

"పంపించేశానమ్మా. మీకేమీ కారని మీ ఆయనే అన్నారుగా."

ఆమె సోఫా వైపు, గోడ వైపు, ఓనరు మొహం వైపు మార్చి మార్చి చూసింది.

"చుట్టం కారండీ. స్టేషను దగ్గర ఆయనకి ట్రావెల్స్ ఉండేది, మా పెళ్ళికి ముందు నుంచీ మా అందరి ప్రయాణాలూ ఆయన చేతి మీదే. అది మూసేస్తూ ఒక్కొక్కరి ఇంటికీ వచ్చి చెప్పి వెళ్ళారు, 'ఎవరో కుర్రాడు కొత్తగా షాపు పెట్టాడు, పాపం నిలదొక్కుకోవాలి, ఇకనుంచి అక్కడికి వెళ్ళండి, మీకు కొత్తగా ఉండకుండా నేనూ వెళ్ళి కూర్చుంటాను' అని."