వెనక టైర్లలో గాలి

“వెనక రెండిట్ల ముప్పయ్యారు ఉందక్కా,” అన్నాడు కిష్టా, టైరుకు పెట్టిన మీటరు తీస్తూ.

“గంతెందుకుంది తమ్మీ? కందుకూరు పోయొచ్చేవరకు నా నడుం పడిపోయింది. చిన్న గుంత తగిలినా బండి ఎగిరెగిరి పడుతుంది.”

“అన్ననే గట్ల కొట్టమన్నడు. రెండు నెలల సంది గంతే. వెనక లోడుంటదట.”

“ఏం లోడు?”

కిష్టా నాలుక కరుచుకున్నాడు. “నాకేమెర్కక్కా? కొట్టమంటే కొడ్త,” అని పక్కనున్న బైకు వైపు తిరిగాడు.

మంజుల డ్రైవరు వైపు తలుపు తీసింది. అక్కడ కారు కంపెనీవాళ్లు అంటించిన కాగితం ఉంది. ఇద్దరు మనుషుల బొమ్మ పక్కన ఒక అంకె, ఐదుగురి బొమ్మ పక్కన ఇంకో అంకె. ఇద్దరో ముగ్గురో ఎక్కితే వెనక టైర్లకు ముప్పై చాలు. ముప్పయ్యారు కొట్టాల్సింది బండి నిండా జనం ఉంటేనే. ఆమె మొగుడు శ్రీశైలం రోజూ హయత్‌నగర్‌లో ఆఫీసుకు పోయేది ఒక్కడే. మరి వెనక సీటు నింపేదెవరు?

“ముప్పైకి దించు.”

“అన్న తిడ్తడక్కా.”

“తిట్టనీ. నేను చెప్పిన అని చెప్పు.”

ఇంటికొచ్చి వెనక తలుపు తీయగానే గుప్పున కొట్టింది వాసన. ఎప్పుడో ఒక ఆదివారం ఎక్కినా ముందు సీట్లో అద్దం దించుకుని కూర్చునేది కాబట్టి ఇన్నాళ్లూ తెలియలేదు. వాడిపోయిన మల్లెపూలు, చెమట, పులిసిన పాలు, అన్నీ కలిసిన కంపు. సీటు మడతలో చెయ్యి పెడితే తలపిన్ను వచ్చింది, దానికి చుట్టుకున్న పొడుగాటి వెంట్రుకతో సహా. ఛీ! కింద తొక్కి తొక్కి పొడి చేసిన బిస్కెట్లు, వాటికి పట్టిన చీమలు. సీటు మీద పసిపిల్లెవరో కక్కిన మరక. తలుపు లోపలి వైపు ఎర్రగా చారలు కట్టిన తమలపాకు ఉమ్మి. మంజుల తలుపు ధన్‌మని వేసింది. చేయి సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నా ఆ వాసన పోలేదు.

పిన్ను ఒక ఆడదానిది. పాలు కక్కింది దాని బిడ్డ. ఉమ్మేసింది దాని తల్లో, మేనత్తో. అవును మరి, ఒక్కదాన్ని చేరదీస్తే వెనక టైర్లకు ముప్పయ్యారు ఎందుకు? చిన్నిల్లు కాదు, నిండు సంసారమే పెట్టాడు ఈ మహానుభావుడు! పెట్టేవాడు కాస్త శుచీ శుభ్రం ఉన్నవాళ్లనైనా చూసుకోవద్దూ? థూ!

రాత్రి అన్నం పెడుతూ అడిగింది. “బండిల వెనక ఎవరు కూసుంటున్నరు?”

శ్రీశైలం ముద్ద నోటిదాకా తెచ్చి ఆగాడు. “ఎవరు కూసుంటరు? ఆఫీసోళ్లు ఒకోపారి లిఫ్టు అడుగుతరు.” గొంతు బొంగురుగా వచ్చింది. రెండు నెలలుగా అంతే. మీటింగుల్లో మాట్లాడీ మాట్లాడీ పోయిందంటాడు.

“ఆఫీసోళ్లు పాలు కక్కుతరా?”

శ్రీశైలం ముద్దను మళ్లీ పళ్లెంలో పెట్టాడు.

“మెడల ఏసుకునే ఆఫీసు కార్డు గా గోడ మొలకే ఏలాడుతుంది. అది లేకుంట లోపటికి ఎట్ల రానిస్తున్నరు?”

“ఇప్పుడు గేటు కాడ ఎవరూ అడుగుతలేరు,” అని సగం అన్నంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు.

ఆ తప్పించుకునే మొహం చూస్తే మంజులకు ఇంకా రోత పుట్టింది. వాకిట్లోకి వెళ్లి కందుకూరులో ఉన్న తల్లికి ఫోను చేసింది.

“అమ్మా, రేపొస్తున్న. ఇగ ఈడ ఉండ.”

సంగతంతా విని సత్తమ్మ మండిపడింది. “టైర్లల్ల గాలెక్కువుందని మొగుణ్ణి ఇడిసిపెట్టొస్తవానే? ముందుగాల కండ్లతోని చూడు. నిజమైతే అట్నుంచి అటే రా.”

పొద్దున్న శ్రీశైలం ఇస్త్రీ చొక్కా వేసుకుని బండి దగ్గరికి పోయాడు. వెనక టైరును కాలితో నొక్కి చూశాడు.

“గాలెవడు తీసిండు?”

“నేనే తీయించిన. ఒక్కనివే పోతవు గద, ముప్పై చాలు.”

అతను ఏదో అనబోయి మానేశాడు. బండి సందు దాటి, తిన్నగా కిష్టా దుకాణం వైపు తిరిగింది. అంటే మళ్లీ ముప్పయ్యారే! మంజుల సర్దిపెట్టుకున్న బ్యాగు భుజాన వేసుకుని, బండి జాడ చూద్దామని ఆటో ఎక్కింది.

చౌరస్తాలో కారు కనిపించింది. హయత్‌నగర్ వైపు కాదు, యాచారం వైపు మొహం పెట్టి ఆగి ఉంది. వెనక సీట్లో తల నిండా మల్లెపూలు పెట్టుకున్న పడుచు. ఆమె ఒళ్లో చొంగ కారుస్తూ పసిపిల్ల. అవతలి కిటికీ దగ్గర ఒక ముసలమ్మ, తల బయటికి పెట్టి ఎర్రగా ఉమ్మి, కొంగుతో మూతి తుడుచుకుంది. సగం ఉమ్మి తలుపు మీదే పడింది.

అంతా తను అనుకున్నట్టే ఉంది. ఏడవాల్సింది పోయి ముక్కు మూసుకుంది మంజుల. వీళ్ల కోసమా తన కాపురం కాలదన్నుకున్నాడు? శ్రీశైలం ఇటు వీపు పెట్టి, కారు పక్కన నిలబడి, పడుచు కొంగు తలుపులో పడకుండా లోపలికి జరిపి మరీ తలుపు వేశాడు. ఎంత ప్రేమో! ఆ ఇంటి ముఖం ఇక చూడకూడదని మంజుల అక్కడే తీర్మానించుకుంది. ఆటో దిగి, బ్యాగు కింద పడేసి, కాలి చెప్పు చేతిలోకి తీసుకుని, బస్సులకు అడ్డంపడి రోడ్డు దాటింది. ఇంకో నాలుగు అడుగుల్లో అతని వీపు అందుతుంది.

అప్పుడు శ్రీశైలం రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, ఆ బొంగురు గొంతుతో అరిచాడు:

“యాచారం! యాచారం! రెండే సీట్లున్నయి, రాండ్రి!”