విప్పుకోవడం రాని కోడలు

ఆ కోడలికి అన్నీ వచ్చు. బట్టలు విప్పుకోవడం ఒక్కటే రాదు.

ఈ మాట బయట అంటే నలుగురూ నవ్విపోతారని అత్తగారు ఇన్నాళ్ళూ కడుపులో దాచుకుంది. కోడలు విడిచిన సాక్సులు సోఫా కింద చచ్చిన ఎలుకల్లా పడి ఉంటాయి. చొక్కా తలమీంచి లాగితే లోపలిది బయటికి, బయటిది లోపలికి. మర్నాడు దాన్ని చంక దగ్గర వాసన చూసి, "ఇంకో పూట వస్తుంది" అని మళ్ళీ తగిలించుకుంటుంది. పేజీ తిప్పాలంటే వేలు నాలిక మీదికి. ఆలోచన వస్తే గోరు పళ్ళ మధ్యకి. ఇక ముక్కు సంగతి తలుచుకుంటే అత్తగారికి అన్నం సయించదు.

చేసేది చూస్తే నర్సు ఉద్యోగం. అదీ అత్తగారు హెడ్ నర్సుగా ఉన్న ఆసుపత్రిలోనే.

ఇప్పుడు ఊళ్ళోకి పాడు జ్వరం ఒకటి దిగింది. పేరు చెబితేనే జనం తలుపులు వేసుకుంటున్నారు. రోగి ఒంట్లోంచి వచ్చే ఏ తడి తగిలినా చాలు, అంటుకుంటుంది. ఆసుపత్రిలో ఒక మూల గదిని దానికోసం ఖాళీ చేశారు. ప్రస్తుతానికి రోగి ఒక్కరే. లోపలికి వెళ్ళేవాళ్ళు తల నుంచి కాలి దాకా తొడుక్కుని వెళతారు. వెళ్ళడంలో అంత భయం లేదు. భయమంతా బయటికొచ్చి విప్పుకోవడంలోనే. అందుకే విప్పుకునేవాళ్ళని అద్దం వెనక నుంచి ఒకరు కనిపెట్టి చూస్తూ, ఏది ముందో ఏది వెనకో పైకి చెబుతుండాలి. చెప్పేదాకా చెయ్యి కదపకూడదు.

మనుషులు చాలడం లేదు. ఉన్నా సరే, కోడలి వంతు వచ్చినప్పుడు మాత్రం చూసే పని తనదేనని అత్తగారు పట్టుబట్టింది. కాదనే ధైర్యం ఆ ఆసుపత్రిలో ఎవరికుంది?

కోడలు రోగి దగ్గర్నుంచి వచ్చి, పక్కనే రెండు వైపులా అద్దాలున్న విప్పుకునే గదిలో నిలబడింది. ఒక అద్దానికి అటు కోడలు, ఇటు అత్తగారు. మధ్యలో మైకు.

కోడలి ఏప్రన్ నిండా పచ్చగా, జిగటగా వాంతి. సగం కరిగిన మాత్ర ఒకటి అందులోంచి మెల్లగా కిందికి జారుతోంది.

"ఈ పేషెంటుతో నా వల్ల కావట్లేదత్తయ్యా," అంది కోడలు. "మాత్ర వేసుకోమంటే మహారాణిలా మొహం తిప్పుతుంది. బతిమాలి మింగిస్తే నా మీదే కక్కింది."

"జబ్బు చేసినవాళ్ళు కక్కక కచేరీ చేస్తారా? ముందు చేతులు మందునీళ్ళతో కడుగు." అత్తగారి గొంతు బొంగురుపోయి మైకులో గరగరలాడింది.

"కడిగాను."

"ఏప్రన్. మెడ దగ్గర తెంపు. ముందువైపు ముట్టుకోకు. లోపలికి చుట్టు. అది నీ చొక్కా కాదు, అలా లాగకు!"

ఏప్రన్ తడి చప్పుడుతో బుట్టలో పడింది. పై గ్లౌజులు లాగితే చెమట బొటబొటా కారింది. గౌను వలిస్తే లోపలి బట్టలు ఒంటికి తడిపిండిలా అతుక్కుపోయి ఉన్నాయి. అత్తగారు మొహం చిట్లించింది తప్ప చూపు తిప్పలేదు. ఇంట్లో ఇంకా నడక రాని మనవరాలుంది. ఈ పిల్ల తిన్నగా వెళ్ళి దాన్నే ఎత్తుకుంటుంది.

ఇక మిగిలినవి లోపలి గ్లౌజులు, కళ్ళద్దాలు, మాస్కు.

"అత్తయ్యా, ముక్కు దురద."

"ఓర్చుకో."

"చెమట చుక్క పాకుతోంది. పురుగులా ఉంది."

"పాకనీ. చెయ్యి దించు."

కోడలి చెయ్యి ఛాతీ దాకా లేచి ఆగింది. గ్లౌజు వేళ్ళ సందుల్లో ఏదో తడిగా మెరుస్తోంది.

"ఆ రోజు మీరు ముట్టుకోలేదూ?"

మళ్ళీ అదే తగువు. ఆ మధ్య అత్తగారు విప్పుకుంటుంటే అద్దం వెనక కోడలు నిలబడింది. "అత్తయ్యా, ముక్కు ముట్టుకున్నారు!" అని మైకులో అరిచింది, అందరూ వినేలా. "నాకు నేర్పేంతదానివయ్యావా?" అని అత్తగారు నోరు మూయించింది. అప్పట్నుంచీ ఎవరడిగినా ఆవిడది ఒకటే జవాబు.

"ముట్టుకోలేదు," అంది ఇప్పుడూ.

"నా రెండు కళ్ళతో చూశాను."

"సోఫా కింద సాక్సులు కనపడని కళ్ళేగా అవి."

కోడలి కళ్ళద్దాల వెనక ఆవిరి పట్టి కళ్ళు కనపడటం లేదు. ఏడుస్తోందో, నవ్వుతోందో.

"సరే. నేను చూసింది అబద్ధం. అలాంటప్పుడు ఈ చూడటాలెందుకు, చెప్పడాలెందుకు? అద్దం వెనక నుంచి ఎవరేమన్నా విననక్కర్లేదన్నమాట."

చెయ్యి మళ్ళీ లేచింది. గడ్డం దాటింది.

"అమ్మాయ్! ఆగు!"

"ప్రాణం పోతోందత్తయ్యా. ఒక్కసారి గోక్కుంటాను. మీ లెక్క ప్రకారం ఎవరూ చూడనట్టే."

వేలు మాస్కు అంచు దగ్గరికి వచ్చింది.

"ముట్టుకున్నానే తల్లీ, తప్పు నాదే, ఆ రోజు నేను ముక్కు ముట్టుకున్నాను, చెయ్యి దించు!" అంటూ అత్తగారు, ఆ మూల గదిలోని ఒకే ఒక్క రోగి, మంచం మీంచి పడుతూ లేస్తూ వచ్చి, సెలైన్ సూది గుచ్చి ఉన్న చేత్తో అద్దాన్ని దబదబా బాదింది.