పరీక్షల కాలం

మా అమ్మ సంతోషమ్మకు గ్లాకోమా. వేసవిలో పద్దెనిమిది ఉన్న కంటి ప్రెషర్ డిసెంబరుకు ఇరవై ఎనిమిదైంది.

"చలికి కొంచెం పెరుగుతుంది, ఇంత కాదు. చుక్కల మందు మానేశారా?" ప్రొద్దుటూరు డాక్టరు అడిగారు.

"ఒక్కపూట కూడా మానలేదు సార్," అంది అమ్మ.

నేను గంభీరంగా సాక్ష్యమిచ్చాను. "నెలనుంచి తెల్లారుజామున గంటసేపు మోకరించి, నేలకు తలానించి ప్రార్థన చేస్తాంది సార్."

"తల వంచితే ప్రెషర్ ఎక్కుతుందమ్మా. కుర్చీలో కూర్చుని చేసుకోండి. లేకుంటే ఉన్న చూపూ పోతుంది."

"కుర్చీలో కూచోని అడిగితే దేవుడు ఇస్తాడా సార్?"

నేను నవ్వాను. "నీ కండ్ల సంగతి ఆయనకు ఎన్నిసార్లు చెప్తావు మా?"

అమ్మ నా గొంతు వినిపించిన దిక్కుకు తిరిగింది.

"కండ్ల కోసం యాడ చేస్తాండా నాయనా? నీ బీటెక్ సప్లీల కోసం."

డాక్టరు నావైపు చూశారు.

"ఇంకా ఎన్ని మిగిలాయి?"

"ఆరు సార్."