ఆడపడుచు తలనొప్పి

"అక్కా, నువ్వింక నెల నెలా ఇలా రావద్దు. నువ్వొస్తే చాలు, నీ మరదలికి తలనొప్పి పట్టుకుంటోంది."

చెప్పులు విప్పబోతున్న అక్క ఆగిపోయింది. బట్టల సంచి ఇంకా చేతిలోనే ఉంది. కళ్ళు చికిలించి, నుదురు ముడేసి తమ్ముడి వంక చూసింది. కోపం వచ్చిందనుకున్నాడు అతను. రానీ, ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు చెప్పాల్సిందేగా.

"నా వల్లేనంటావా?"

"మరెవరి వల్ల? ఇవాళా అంతే. వస్తున్నానని నువ్విలా ఫోన్ చేశావు, అదలా మంచమెక్కింది."

"అయ్యో! కిటికీలు మూశావా? ముందు ఆ టీవీ కట్టెయ్యి."

"చూశావా, గుమ్మం దాటకుండానే పెత్తనం!"

అక్క కాసిని మంచినీళ్ళడిగి తాగింది. కొంగు తల మీదికి లాక్కుని, ఆ మిట్టమధ్యాహ్నపు ఎండలో వచ్చిన దారినే బస్టాపు వైపు నడిచింది.

అతను పళ్ళ మార్కెట్లో రకాలు వేరుచేసే మేస్త్రీ. బల్ల మీద దొర్లుకుంటూ వచ్చే కాయను ఒక్క చూపు చూసి, ఇది మొదటి రకం, ఇది జ్యూసుకి, ఇది చెత్తలోకి అని తోసేస్తాడు. తోసిన కాయ మొహం మళ్ళీ చూడడు. చూస్తూ కూర్చుంటే పని తెమలదు. మార్కెట్లో అది పనితనమే. ఇంట్లోనూ అదే చేశాడు, పెళ్ళాం తలనొప్పికీ ఒక్క చూపుతో రకం కట్టేశాడు. ఆడపడుచు తలనొప్పి! ఆ మాట మార్కెట్లో చెబితే అందరూ పడీ పడీ నవ్వారు. ఆడపడుచు అర్ధమొగుడని ఊరికే అన్నారా అంటూ తోటివాళ్ళు వంత పాడారు.

"వదిన తప్పేం లేదండీ," అంది భార్య, లేచి కూర్చోగలిగిన రోజున. "వచ్చిన ప్రతిసారీ నా నుదుటి మీద తడిగుడ్డ వేసి, వంటంతా తనే చేసి, అంట్లు కూడా తోమి వెళ్తుంది. నన్ను ఒక్క మాట అన్న పాపాన పోలేదు."

"అదే నేననేదీ. మాటా పలుకూ లేకుండా మొహం గంటు పెట్టుకుని తిరుగుతుంటే ఎవరికి రాదు తలనొప్పి?"

అతను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

అక్క రావడం మానేసింది. తలనొప్పి మాత్రం మానలేదు. ఆ పై నెలా వచ్చింది, దాని పై నెలా వచ్చింది. వెలుతురు పడితే కళ్ళు పొడిచినట్టు, గిన్నె చప్పుడైతే తల పగిలినట్టు, పైగా వాంతులు. వంటా అంట్లూ అతని నెత్తిన పడ్డాయి. మూడోసారి కూడా వచ్చేసరికి, కళ్ళు తెరవలేకపోతున్న మనిషిని ఆటోలో ఎక్కించుకుని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు.

"నెలసరి ఎప్పుడొస్తుందమ్మా?" ఆవిడ మొదట అడిగింది అదే.

అతను మొహమాటంగా గోడ వైపు తిరిగాడు కానీ చెవులు ఇటే ఉన్నాయి. భార్య నెమ్మదిగా గుర్తుచేసుకుంటూ చెప్పింది. ప్రతిసారీ నెలసరికి ఒకట్రెండు రోజుల ముందే మొదలయింది.

"ఆ రోజుల్లోనే వచ్చి, మిగతా నెలంతా అసలు రాకపోతే ఒక రకం. అప్పుడూ వచ్చి, మధ్యలోనూ వస్తుంటే ఇంకో రకం. రకాన్ని బట్టే మందు. ఒకసారి చూసి తేల్చేది కాదు, వరసగా కొన్ని నెలలు గమనించుకోవాలి," అంది డాక్టరమ్మ. "ఇన్నాళ్ళూ దేనివల్ల వస్తోందనుకున్నారు?"

భార్య అతని వంక చూసింది. అతను నేల చూపులు చూశాడు. కాకి వాలింది, తాటిపండు పడింది. తను పోయి పోయి కాకిని రాయెట్టి కొట్టాడు. తల కొట్టేసినట్టయింది.

భార్యను ఇంట్లో దింపి, ఈసారి ఎవరూ చెప్పకుండానే కిటికీలు మూసి, ఆ పూటే అక్క ఊరి బస్సెక్కాడు. దారి పొడవునా మాటలు కూర్చుకుంటూనే ఉన్నాడు. తిడితే పడాలి. చెంప మీద ఒక్కటిచ్చినా పడాలి.

అక్క వాళ్ళుండేది మేడ మీద. కింద బావ ట్రంకుపెట్టెలు చేయించే షెడ్డు. రేకుల మీద సుత్తి దెబ్బలకి మెట్లు కూడా అదురుతున్నాయి.

తలుపు తోస్తే గదంతా చీకటి. కిటికీకి అడ్డంగా దుప్పటి కట్టి ఉంది. తలకు గుడ్డ బిగించి, చెవుల్లో దూది కుక్కుకుని, పక్కన బకెట్ పెట్టుకుని అక్క గోడకు జారగిలబడి ఉంది. తలుపులోంచి వెలుగు పడగానే కళ్ళు చికిలించి, నుదురు ముడేసి చూసింది. ఆ రోజు గుమ్మంలో చూసిన చూపే.

"అక్కా... నీక్కూడానా?"

"నాకు ఎప్పట్నుంచో ఉన్నదేరా. తమ్ముడితో చెప్పుకునే సంగతా ఇది?" అంది, చెవిలో దూది తీసి. "ఈ మోతలో తల నిలవదు. మీ ఇల్లయితే చప్పుడుండదు కదా, ఆ రెండ్రోజులూ కాస్త తల వాల్చుకుందామని వచ్చేదాన్ని."

కింద మళ్ళీ సుత్తి మోగింది. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది. అతను చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేశాడు.

"తప్పయిపోయిందక్కా," అన్నాడు. "కానీ వచ్చినప్పుడు ఒక్కసారన్నా పడుకోలేదేం? పొద్దస్తమానం పని చేస్తూనే ఉండేదానివిగా!"

అక్క దూది మళ్ళీ చెవిలో పెట్టుకుంటూ అంది:

"ఎక్కడ పడుకోనురా? మీ ఇంట్లో ఉన్న ఒక్క గదిలో అప్పటికే మరదలు పడుకుని ఉండేదిగా!"