బెత్తెడు పక్కనుంచి

“గోల్ఫ్ రూల్స్ రాసేవాళ్లకి డౌటొస్తే నాకే ఫోన్ చేస్తారు,” అన్నాడు బావ, స్కోరు కార్డు ముందు పెన్ను తిప్పుతూ.

ఆ ఫోనుకి అక్క తప్ప ఇంకెవరూ చెయ్యరని, పొద్దుట్నుంచీ ఆయన కిట్టు మోసిన బావమరిదికి తెలుసు.

ఒక్క దెబ్బ ఎక్కువ కొట్టి ఓడిన పళ్ల డాక్టరు ఎదురుగా కూర్చున్నాడు. బావ సంతకం పెడితే కప్పుతోపాటు, మూడేళ్లుగా కాచుక్కూచున్న క్లబ్బు కోచ్ ఉద్యోగం కూడా ఆయనదే.

“ఆఖరి గుంట దగ్గర మీ బంతి తీసి, ఆ చోట గుర్తుకి నాణెం పెట్టారు. నాకు అడ్డమంటే దాన్ని బెత్తెడు పక్కకి జరిపారు,” అన్నాడు డాక్టరు. “మళ్లీ వెనక్కి జరిపాకే కొట్టారు కదా? నేను చూళ్లేదు.”

జరపలేదు. బావమరిది కళ్లారా చూశాడు.

“భలేవారే! మా బావ చెప్పులు కూడా టేపుతో కొలిచి విడుస్తాడు.”

“మీ మాట చాలు.” డాక్టరు సంతకం చేసి కార్డు ముందుకు తోశాడు.

బావ ముఖం పంటికి మత్తుసూది వేసినట్టుంది. పెన్ను కింద పెట్టాడు.

“జరపలేదు డాక్టర్‌గారూ. తప్పు చోటునుంచి కొడితే రెండు దెబ్బలు శిక్ష. నా లెక్కకి కలపండి. కప్పు మీదే.”

“పాపం, మర్చిపోయాడండీ!” అన్నాడు బావమరిది కంగారుగా.

“మర్చిపోలేదురా,” అన్నాడు బావ. “అసలు చోట వాలుంది. పక్కన చదునుగా ఉంది. చూసుకునే కొట్టాను.”