నాతోనే పోవాలె

డాక్టరమ్మ కంప్యూటర్ వైపు చూస్తూ మాట్లాడింది. ఎదురుగా కూర్చున్న తండ్రీకొడుకుల మొహాలు చూడలేదు. చెడ్డ కబురు చెప్పేటప్పుడు చదువుకున్నవాళ్లు ఎదుటి మనిషిని తప్ప గదిలో ఉన్నవన్నీ చూస్తారు.

"ప్రోస్టేట్ క్యాన్సర్‌లో నెమ్మదిగా పెరిగేదీ ఉంటుంది. దాన్ని పెట్టుకుని ఏళ్ల తరబడి బతికేవాళ్లున్నారు. ఇది ఆ రకం కాదు. జన్యువులు దెబ్బతింటే బాగుచేసే ఏర్పాటు ఒంట్లోనే ఉంటుంది. ఇక్కడ అది పనిచేయడం లేదు. తప్పు మీద తప్పు పేరుకుపోతోంది. అందుకే ఇంత జోరుగా ఎముకల దాకా పాకింది."

మంగీలాల్‌కు సగమే అర్థమైంది. ఆ సగం చాలు. డెబ్బై దాటిన మిరప రైతు. మూత్రం బాధ ఏళ్లుగా ఉన్నదే. కారేపల్లి దగ్గరి తండా దాటి రానని మొండికేస్తే, కొడుకు బాబూరావే బతిమాలి ఖమ్మం దవాఖానాకు తీసుకొచ్చాడు.

"మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఎవరికైనా ఇలా వచ్చిందా?" అని అడిగింది డాక్టరమ్మ.

"మా బాపు నడుములు నొచ్చి నొచ్చి పోయిండు. మా అన్న రామ్‌సింగ్ గూడ గట్లనే పోయిండు," అన్నాడు మంగీలాల్. "అంటే విత్తనంలనే ఉన్నదా అమ్మా?"

"అలాగే అనుకోండి. తండ్రి నుంచి బిడ్డలకు రావచ్చు. అందుకే మీ ఇద్దరి రక్తమూ పరీక్షకు పంపుతున్నాం."

బయటికి వచ్చాక మంగీలాల్ తన గురించి బెంగ పడలేదు. చూడాల్సినవి చూశాడు, తినాల్సినవి తిన్నాడు. భయమంతా పక్కన నడుస్తున్నవాడి గురించే. నకిలీ విత్తనం వేసి ఒకసారి నాలుగెకరాల తోట పీకేసిన మనిషి. విత్తనంలో లోపముంటే ఎన్ని మందులు కొట్టినా ఏమవుతుందో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు.

"నాకొచ్చింది నాతోనే పోవాలె బిడ్డా. నీకు రావొద్దు."

బాబూరావు బస్సు వస్తోందని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాడు.

బాబూరావు చర్ల దిక్కు ఆశ్రమ పాఠశాలలో సారు. ఆ వారమే బడికి సెలవు పెట్టి, భార్య పుష్పను తీసుకుని తండాకు వచ్చేశాడు. ఇంటికి వచ్చినవాళ్లందరికీ మంగీలాల్ ఆ మాటే చెప్పుకున్నాడు. నౌకరీ పక్కన పెట్టి తండ్రిని చూసుకునే కొడుకు ఈ కాలంలో ఎంతమందికి ఉన్నాడని గొప్పలు పోయాడు. పుష్ప కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయేది. పిచ్చిపిల్ల, మామంటే ప్రాణం అనుకునేవాడు.

దవాఖానాకు తిరగడమంతా బాబూరావే చూసుకున్నాడు. "నువ్వు బస్సుల కుదుపులకు ఆగలేవు బాపు. డాక్టరమ్మతో నేను మాట్లాడి గోళీలు తెస్త," అనేవాడు. పొద్దున పోతే ఒక్కోసారి మర్నాటికి గానీ వచ్చేవాడు కాదు. ఆ గోళీలు మింగాక మంగీలాల్‌కు మూత్రం తేలిగ్గా వచ్చేది. పోయే ముందు దేవుడు ఈ సుఖమొకటి ఇచ్చాడని నవ్వేవాడు.

కొడుకు మాత్రం చిక్కిపోతున్నాడు. తన తిప్పలు వాణ్ణి తినేస్తున్నాయని మంగీలాల్‌కు గుండె తరుక్కుపోయేది.

ఒకసారి బాబూరావు గుండుతో తిరిగొచ్చాడు.

"ఏందిరా ఇది?"

"భద్రాచలం పోయొచ్చిన బాపు. మొక్కుండె."

మంగీలాల్ ఆ గుండు తడిమి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తన కోసం ఇచ్చిన తలనీలాలు. తండాలో ఇంటింటికీ తిరిగి చెప్పుకున్నాడు. నీ అదృష్టమే అదృష్టమని అందరూ అన్నారు.

చివరికి రక్తం రిపోర్టు వచ్చింది. మంగీలాల్ రెండు చేతులూ జోడించి కొడుకు ఎదుట నిలబడ్డాడు, వాడే దేవుడన్నట్టు.

"నాకు రాలె బాపు," అన్నాడు బాబూరావు.

ఆ రోజు మంగీలాల్ అంత సంతోషపడ్డ మనిషి తండాలో లేడు. నెయ్యీ బెల్లం తెప్పించి సేవాలాల్ మహారాజ్‌కు భోగ్ పెట్టాడు. అందరికీ తన చేత్తోనే పంచాడు. బాబూరావు కడుపు బాగాలేదని ముద్ద ముట్టలేదు. ఇక యముడు ఎప్పుడొచ్చినా మంచినీళ్లిచ్చి కూర్చోబెడతానన్నాడు మంగీలాల్. పుష్ప నవ్వలేదు.

చలికాలం మొదలయ్యేసరికి బాబూరావు గోడ పట్టుకుని నడుస్తున్నాడు. అడిగితే బస్సుల్లో తిరిగి నడుములు పట్టేశాయన్నాడు. ఈసారి దవాఖానాకు పుష్ప కూడా వెంట పోయింది. మర్నాడైనా ఇద్దరూ రాలేదు.

మంగీలాల్‌కు చిర్రెత్తుకొచ్చింది. పోయే ప్రాణం కోసం బతకాల్సినవాణ్ణి ఇట్లా అరగదీయడమేంటి? తువాలు భుజాన వేసుకుని ఒక్కడే ఖమ్మం బస్సెక్కాడు. డాక్టరమ్మకు ఏం చెప్పాలో దారి పొడుగునా కూడబలుక్కున్నాడు.

డాక్టరమ్మ ఇంకా రాలేదు. వార్డు గుమ్మం పక్క బల్ల దగ్గర నర్సు కనిపించింది.

"అమ్మా, నా పేరు మంగీలాల్. కారేపల్లి దిక్కు తండా మాది. నా మందులు ఆపెయ్యుమని డాక్టరమ్మకు చెప్పు. ఇంక నేను బతికేది లేదని నాకెరుకే. నా కొడుకును తిప్పకుర్రి, వాడు బడికి పోవాలె. వానికి ఈ రోగం రాలె. నాకది చాలు."

నర్సు కంప్యూటర్‌లో రెండుసార్లు వెతికింది. తలెత్తి అతని వైపు అయోమయంగా చూసింది.

"మంగీలాల్ అని మా దగ్గర పేషెంట్ ఎవరూ లేరు తాతా, ఆ తండా నుంచి కిటికీ పక్క మంచం మీదున్న బాబూరావు సారొక్కరే, ఆయనకు మీరేమైతరు?"